జత తప్పిన ఓటు

వెస్ట్ హార్లో,
1857 జనవరి 14, బుధవారం

చిరంజీవి ఆసాకు,

నీకు ఆదివారం సాయంత్రం ఉత్తరం రాయడం నా అలవాటు. ఈ వారం బుధవారమే కలం పట్టడానికి కారణం నిన్న వచ్చిన పత్రిక. అందులో శాసనసభలో ఓటు వేసినవారి పేర్లు, వేయనివారి పేర్లు విడివిడిగా అచ్చువేశారు. రోడ్ల పన్ను బిల్లు మీద ఓటు వేయనివారిలో నీ పేరుంది. బడుల బిల్లు మీదా అంతే. ఆ రెండు రోజులూ నీకు జ్వరమా? జ్వరమైతే రాయవలసింది. కాకపోతే ఎక్కడున్నావు?

పంచాంగం వెనక గుడ్లకూ వెన్నకూ కట్టెలకూ తలా ఒక పేజీ ఉన్నట్టే నీ ఓట్లకూ ఒక పేజీ గీసుకున్నాను. నాకు పట్టించుకునే హక్కుంది. మీ అమ్మానాన్నలు పోయాక నీకూ నీ అక్కకూ లాటిన్ దగ్గరనుంచి లెక్కల దాకా చెప్పింది నేను. కుర్రవాళ్లను ఆటపట్టించడానికి ఇచ్చే పందుల పెద్ద పదవి ఊరి సభ నీకిచ్చినప్పుడు నువ్వు నవ్వి వదిలేయలేదు. వీధినపడ్డ పందులను నిజంగానే పట్టుకొచ్చి దొడ్లో కట్టేశావు. వాటిలో చర్చి పెద్ద డీకన్ హబ్స్ గారి ఆడపంది కూడా ఉంది. ఆ పంది వల్లే ఈ ఊరు నిన్ను గుమస్తాను చేసింది, తర్వాత ఊరి పెద్దల్లో ఒకణ్ణి చేసింది, ఇప్పుడు రాజధానికి పంపింది. ఎవరి పందినైనా కట్టేసే మనిషని పంపింది. ఖాళీ కుర్చీ కోసం పంపలేదు.

ఇక మీ అక్క దొర్కస్ సంగతి. క్రిస్మస్ ముందు నుంచీ అది అల్లిన తాటాకు టోపీలన్నీ ప్లమర్ దుకాణంలో ఇచ్చింది. పిల్లలకు బూట్లు కొనాలని దాని ఆశ. శనివారం వెళ్తే ప్లమర్ తల గోక్కున్నాడు. "నేనేం చేయనమ్మా, మీ ఆయన ఓరిన్ నిన్ననే వచ్చి పట్టుకెళ్లాడు. పెళ్లాం కూలి మొగుడిదేనని చట్టం. ఇవ్వనంటే నా మీద కేసు వేస్తాడు" అన్నాడు. ఓరిన్ ఆ డబ్బుతో పందెపు గుర్రంలో వాటా కొన్నాడు. పిల్లలు కాళ్లకు గుడ్డలు చుట్టుకుని బడికి వెళ్తున్నారు.

భార్య కూలి భార్యకే అనే బిల్లు మీ సభ ముందుకు వస్తోందని నీకు తెలుసు. ఈ ఊరి ఆడవాళ్లందరి సంతకాలూ మొదట నీ చేతికే ఇచ్చాం.

ఊలు మేజోళ్లు రెండు జతలు పంపుతున్నాను. బూడిద రంగువి ఆదివారానికి.

మీ నాయనమ్మ,
మెహిటబెల్ వాడ్లీ


రాజధాని,
జనవరి 20

నాయనమ్మకు ఆసా నమస్కారాలు.

మేజోళ్లు అందాయి. ఆదివారం దాకా ఆగలేక బూడిద రంగువి ఈ రోజే వేసుకున్నాను, మన్నించు. సభ గదిలో పొయ్యి రెండు చివర్లా ఉంటుంది, మన ఊరి వరస సరిగ్గా మధ్యలో. పూటకూళ్లమ్మ మిసెస్ గ్రో పొద్దున్నే నల్లటి వేడినీళ్లు పోస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని కాఫీ అంటారు కాబట్టి నేనూ అంటున్నాను.

నాకు జ్వరం రాలేదు. సారా దుకాణంలోనూ లేను. ఆ రెండు రోజులూ నా కుర్చీలోనే ఉన్నాను. సరస్సు అవతలి సైలస్ కోల్బాత్ గారికి ఒక మాట ఇచ్చాను, అందుకని పేరు పిలిచినప్పుడు పలకలేదు. సభలో మనుషుల మధ్య ఇది పాత ఆచారం. కాగితం మీద ఉండదు, పత్రికలో వేయరు. తీరిగ్గా చెప్తాను, కంగారు పడకు.

మా పక్షం నాయకుడు డన్‌మోర్ గారు నిన్న మెట్ల మీద ఆపి భుజం తట్టారు. "వాడ్లీ, నువ్వు ఇక్కడ ఆగిపోయే మనిషివి కాదోయ్. రెండేళ్లలో వాషింగ్టన్‌కి పంపే పేరు వెతుకుతున్నాం" అన్నారు. ఇది నీకూ నాకూ మధ్యే. డీకన్ గారికి చెప్పకు, పంది సంగతి మళ్లీ ఎత్తుతారు.

దొర్కస్ పిల్లల బూట్ల కొలతలు పంపు, నేను కొంటాను. బిల్లు ఫిబ్రవరి మూడున వస్తుంది.

నీ మనవడు,
ఆసా


వెస్ట్ హార్లో,
జనవరి 26, సోమవారం

ఆసాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను.

సైలస్ కోల్బాత్‌కి మాట ఇచ్చావా? మన ఆడవాళ్ల సంతకాల కాగితం చూసి, "వీళ్ల వంటిళ్లలో పొయ్యిలు ఆరిపోయాయా ఏమిటి?" అని సభలోనే నవ్వినవాడు. మీ పక్షానికి ఎదురుపక్షం. అలాంటివాడికి ఏం మాట ఇచ్చి నోరు కట్టేసుకున్నావు? కాగితం మీద ఉండదంటావు, పత్రికలో వేయరంటావు. కాగితం మీద పెట్టలేని బేరాన్ని మా కాలంలో ఒక పేరుతో పిలిచేవాళ్లం, అది నేను రాయను. మెట్ల మీద ఎవరో భుజం తడితే పొంగిపోయే మనవణ్ణి నేను పెంచలేదు.

నిన్న చర్చి నుంచి వస్తూ దొర్కస్ అడిగింది. "నాయనమ్మా, తమ్ముడు మనకే వేస్తాడు కదా?"

"వేయక ఏం చేస్తాడే?"

"ఏమో, ఈ మధ్య వాడి పేరు వేయనివాళ్లలోనే కనిపిస్తోంది. ప్లమర్ దుకాణంలో మగాళ్లు నవ్వుకుంటున్నారు. ఆసా నోటికి రాజధానిలో తాళం వేశారట, తాళంచెవి ఎవరి దగ్గరుందో అని."

మంచు మీద జాగ్రత్తగా నడవమన్నాను.

అది ఈ నెల అల్లిన టోపీలు దుకాణానికి ఇవ్వలేదు. ఓరిన్‌కి తెలియకుండా మా అటక మీద దొంతర పెడుతోంది. చట్టం వచ్చిన రోజు వాటిని మోసుకెళ్లి తన చేతికి తాను డబ్బు తీసుకోవాలని. ఆ దొంతర రోజురోజుకూ పెరుగుతోంది. నేను నిద్రపోయేది దాని కిందే.

కాబట్టి విను. మూడో తేదీన నీ పేరు పిలిచినప్పుడు నీ నోరు పలకకపోతే నా భోజనబల్ల దగ్గర నీకు చోటు లేదు. ఇది కోపంలో రాసింది కాదు. భోజనం చేసి, గిన్నెలు కడిగి, దీపం వత్తి కత్తిరించుకుని రాశాను.

బూట్ల కొలతలు పంపను. నీ అక్కకు కావలసింది నీ దానం కాదు.

మెహిటబెల్ వాడ్లీ


రాజధాని,
జనవరి 28

నాయనమ్మా,

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. కానీ నిన్ను ఎరిగినవాణ్ణి, సగం చెప్పిన మాట నీకు అసలు చెప్పని దానికన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. అందుకే మిగతా సగం రాస్తున్నాను.

ఇక్కడ దీన్ని జత కట్టడం అంటారు. ఒక పక్షం సభ్యుడికి ఇంటికి వెళ్లక తప్పని పని పడితే, ఎదురుపక్షంలో ఒకరి దగ్గరకు వెళ్లి, నేను వచ్చేదాకా మీరూ ఓటు వేయవద్దని అడుగుతాడు. అతను సరేనంటే ఇద్దరూ జత. ఇటొకటి అటొకటి తగ్గుతుంది, ఎవరికీ నష్టం లేదు. చెయ్యి కలపడమే, రాత ఉండదు, సాక్షి ఉండడు. తప్పితే ఏ చట్టమూ శిక్షించదు. అందుకే ఇప్పటిదాకా ఎవరూ తప్పలేదు.

కోల్బాత్ గారి భార్య కెజయాకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వైద్యుడు వసంతం దాకా ఉండదన్నాడట. ఆయన ముందు తన వయసువాళ్లను అడిగాడు. బిల్లు దగ్గరకొస్తోందని మా పక్షంలో ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు, నాయనమ్మా. మన ఆడవాళ్ల కాగితం చూసి నవ్విన ఆ మనిషే. "కుర్రాడా, నీకు నామీద ఇష్టం లేదని తెలుసు. కానీ పందులు పట్టే రోజుల నుంచీ నీ మాట గురించి సరస్సు అవతల కూడా విన్నాను" అన్నాడు. చెయ్యి ఇచ్చాను.

అక్క బిల్లు గురించి ఆలోచించకుండా ఇవ్వలేదు. మేమిద్దరం ఓటు వేయకుండా పక్కన ఉంటే ఇటూ అటూ సమానంగా తేలుతుంది. సమానమైతే బిల్లు పడిపోయినట్టే. కానీ ఇంకా ఎటూ తేలనివాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లలో ఒక్కణ్ణి తిప్పితే చాలు. రోజూ సాయంత్రం వాళ్ల వెంట తిరుగుతున్నాను. దక్షిణపు వరసలో లీవిట్ అనే ముసలి తోళ్ల వ్యాపారి ఉన్నాడు. అతని కూతురిదీ మన దొర్కస్ కథే. పెదవి కొరుకుతాడు, అవునని మాత్రం అనడు.

ఇక్కడ మంచు ఆగకుండా పడుతోంది. తపాలా బండి రేపు బయలుదేరుతుందో లేదో.

ఆసా


రాజధాని,
ఫిబ్రవరి 3, రాత్రి

నాయనమ్మా,

వెన్న అమ్మడానికి వచ్చిన డీకన్ హబ్స్ గారు తెల్లవారుజామున తిరిగి వస్తున్నారు. ఆయన చేతికే ఇది ఇస్తున్నాను.

బిల్లు నెగ్గింది. ఒక్క ఓటు తేడా.

నీ జనవరి 26 ఉత్తరం ఈ ఉదయం సభలో నా చేతికి వచ్చింది. పేర్లు పిలవడం మొదలయ్యాక విప్పాను. లీవిట్ పేరు వచ్చింది. తల వంచుకుని "కాదు" అన్నాడు. లెక్క నాకు తెలిసిపోయింది. నా బల్ల మీద నీ ఉత్తరం ఉంది. వాడ్లీ అని పిలిచారు. అవునన్నాను.

గుమస్తా కలం ఆపి నా వైపు చూశాడు. ఆయనకు జత సంగతి తెలుసు. మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నాను.

మావాళ్లు నన్ను భుజాల మీద ఎత్తుకుని మెట్లు దింపారు. మిసెస్ గ్రో బాతు వండింది. తినలేకపోయాను.

నా 28 నాటి ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. నేను చేసినదేమిటో ఇక చెప్పనక్కరలేదు.

ఆసా


వెస్ట్ హార్లో,
ఫిబ్రవరి 6, శుక్రవారం

నా బంగారు ఆసాకు,

డీకన్ గారు గుర్రాన్ని కూడా కట్టకుండా వచ్చి వాకిట్లోనే అరిచారు. "మెహిటబెల్ గారూ, మీవాడు కొట్టాడండీ! మా పందిని పట్టిన రోజే అనుకున్నాను!" అని. ఆ పంది గురించి ఆయన మంచి మాట అనడం ఇదే మొదటిసారి.

పంచాంగం వెనక పేజీలో ఈ ఒక్క ఓటు ఎర్ర సిరాతో రాశాను. ఇన్నాళ్ల లెక్క సరిపోయింది. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. చెరకు పాకంతో మొలాసిస్ కేకు చేశాను. చాలా పెద్దది.

దొర్కస్ అటకెక్కి టోపీల మధ్య కూర్చుని ఏడ్చింది. ఎందుకే అంటే, "ఇది ఏడుపు కాదు నాయనమ్మా, లెక్క చూసుకుంటున్నా" అంది. పై సభ కూడా ఒప్పుకోవాలని, గవర్నరు సంతకం పెట్టాలని గుర్తుచేశాను. "ఆ ముసలాళ్లు ఎంతసేపు? పెద్ద గండం గట్టెక్కించింది మా తమ్ముడు" అంది.

నీ ఉత్తరం మాత్రం చావు కబురులా ఉందేమిటి? బాతు తినలేకపోవడమేమిటి? అలసిపోయి ఉంటావు. పెందలాడే పడుకో. మంచి పని చేసినవాడు తలెత్తుకోవాలి.

ప్రేమతో,
నాయనమ్మ


రాజధాని,
ఫిబ్రవరి 9, సోమవారం

నాయనమ్మా,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను, తిట్టు ఎక్కడైనా దాక్కుందేమోనని.

లేదు. నువ్వు కేకు చేశావు. ఎర్ర సిరాతో రాశావు. జత సంగతి అంతా తెలిసి కూడా లెక్క సరిపోయిందన్నావు. ఈ ఆరు రోజులూ నేను అద్దంలోకి చూడకుండా గడ్డం గీసుకున్నాను. నీ అంత కచ్చితమైన మనిషే సరే అంటే ఇక నేను ఎవరి కోసం కుమిలిపోవాలి? డన్‌మోర్ గారు చెప్పింది నిజమేనన్నమాట. "పెద్ద పని కోసం చిన్న మాట పోతుందోయ్. రెండేళ్లలో ఎవరికీ గుర్తుండదు" అన్నారు. పన్నుల కమిటీకి నన్ను పెద్దను చేస్తామంటున్నారు. ఒప్పుకుంటాను.

అయినా రెండు సంగతులు చెప్తాను, ఎవరికైనా చెప్పాలి కాబట్టి. మొన్న మా పక్షంవాడే ఒకడు, తండ్రి అంత్యక్రియలకు వెళ్లాలని జత కోసం ఎదురుపక్షంవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. "మీ పక్షం చేతుల విలువ మూడో తేదీన చూశాం" అన్నారట. అతను వెళ్లలేదు. తండ్రి మట్టిలో కలిసే వేళకు సభలో రైలు బిల్లు మీద కాదనడానికి కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

రెండోది లీవిట్. నిన్న చర్చి మెట్ల దగ్గర ఎదురై, "నిన్ను చూసి ఆ రోజు మనసు మార్చుకుందామా అనుకున్నానబ్బాయ్. మార్చుకోకపోవడమే మంచిదైంది" అన్నాడు.

బిల్లు పదహారున పై సభకు వెళ్తుంది. అప్పటిదాకా ఇక్కడే గుమస్తా బల్ల మీద ఉంటుంది. ఈలోగా మళ్లీ ఓటుకు పెట్టమని అడిగే హక్కు గెలిచిన పక్షాన ఓటు వేసినవాడికే ఉంది. ఓడినవాళ్లు అడగలేరు, ఆ రోజు లేనివాళ్లు అడగలేరు. గెలిచినవాడు ఎందుకు అడుగుతాడు? అందుకే ఇక భయం లేదు.

ఆసా


వెస్ట్ హార్లో,
ఫిబ్రవరి 11, బుధవారం ఉదయం

ఆసా,

నీ జనవరి 28 ఉత్తరం నాకు మొన్న సాయంత్రం అందింది. అది తెస్తున్న తపాలా బండి అప్పట్లో వంతెన దగ్గర బోల్తా పడిందట. సంచీని సత్రం కొట్టంలో పడేసి, మంచు తీసేదాకా మరిచిపోయారు. అంటే నేను కేకు చేసినప్పుడు నాకు ఆ మిగతా సగం తెలియదు. 28 నాటి ఉత్తరమని నువ్వు రాసినదాన్ని సంతోషంలో దాటేశాను, అది రాలేదని నీకు చెప్పనూ లేదు. ముందు ఈ ఒక్క ముక్క నీ బుర్రకు ఎక్కించుకో. నేను సరే అనలేదు. ఎప్పటికీ అనను.

చదివి పూర్తిచేసేసరికి కళ్లజోడు తడిసిపోయింది. తెల్లారగానే డీకన్ గారి మంచుబండి అడిగి తీసుకుని గడ్డకట్టిన సరస్సు మీదుగా కోల్బాత్ ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. అక్కడ ఒక్కటీ చెప్పనివ్వలేదు.

గుమ్మం పక్కన తోలుపెట్టె తాళ్లు బిగించి ఉంది. సైలస్ కోల్బాత్ తలుపు తీసి, నన్ను చూసి, గొంతు తగ్గించాడు. "లోపలికి రండి వాడ్లీ అమ్మగారూ. ఆవిడ ముందు మాత్రం ఓటు మాట ఎత్తకండి."

కెజయా దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడదట. నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు వేసవి టోపీకి వాడే సన్న ఆకుల్లా ఉన్నాయి.

"మీ ఆసాకి నా ఆశీస్సులని చెప్పండి" అంది. "ఇంకెవరూ ఒప్పుకోలేదట. ఆ అబ్బాయి మాట ఇవ్వబట్టే ఈయన నా దగ్గరున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఈయన నా పక్కన ఇన్ని రోజులు వరసగా కూర్చున్నది ఇప్పుడే. సూప్ కూడా కాస్తున్నాడు, ఎంత దరిద్రంగా కాస్తాడనుకున్నారు!"

"అంత బాగోలేకపోతే గిన్నె ఎందుకు ఖాళీ చేశావ్?" అన్నాడు ఆయన.

"నువ్వు మళ్లీ వేడి చేసి తెస్తావనే భయంతో."

ఆమె నవ్వింది, దగ్గొచ్చింది. తగ్గాక నా వైపు వంగి రహస్యంగా అంది. "ఆ బిల్లు నెగ్గిందట కదా. ఈయనకి ఇష్టం లేదుగానీ నాకు సంతోషమే. పైగా మీ అబ్బాయి మాట తప్పకుండానే నెగ్గింది. అది ఇంకా సంతోషం."

నేను తల ఊపాను. ఆసా, అరవై ఏడేళ్ల వయసులో, చచ్చిపోతున్న మనిషి ముందు, నేను తల ఊపాను. ఆమె ఇప్పించిన టీ తాగాను.

కోల్బాత్ బండి దాకా వచ్చాడు. "అలా చెప్పింది నేనే" అన్నాడు. "మీవాడు మాట మీద నిలబడ్డాడని చెప్పాను. ఆవిడకి వాడంటే గురి. ఇప్పుడు అది తీసేసి ఏం లాభం?"

"ఆ తోలుపెట్టె ఎవరికి?"

"నాకే. రేపో ఎల్లుండో బయలుదేరాలి. ఇంకా ఓట్లు ఉన్నాయి కదమ్మా. నా ఊరివాళ్లు నన్ను ఊరికే పంపలేదు. ఇక ఎవరి చెయ్యి నమ్మి ఇక్కడ కూర్చోను?" ఇంటి కిటికీ వైపు చూశాడు. "తిరిగొచ్చేసరికి ఉంటుందో లేదో. ఇంకా ఆవిడకి చెప్పలేదు."

నేను పెట్టె విప్పమన్నాను. మనవడి చేత ఆ ఓటు వెనక్కి ఇప్పిస్తానన్నాను. "ఈసారి హామీ ఎవరు?" అన్నాడు ఆయన.

"నేను."

"శనివారం దాకా చూస్తాను" అన్నాడు. థాంక్స్ అనలేదు. అనకపోవడమే న్యాయం. ఆ బిల్లుకు ఎప్పటికీ కాదనే ఓటు వేస్తానని కూడా చెప్పాడు. అదీ ఆయన ఇష్టం.

ఇంటికొచ్చి దొర్కస్‌కి అంతా చెప్పాను. అది అల్లిక ఆపలేదు.

"అయితే వెనక్కి ఇచ్చేయమంటావ్" అంది.

"అవునే."

"సమానమై పడిపోతుంది."

"పడిపోవచ్చు."

అప్పుడు తలెత్తింది. "బాగుంది నాయనమ్మా. మాట ఇచ్చింది తమ్ముడు. తప్పింది తమ్ముడు. తప్పించింది నువ్వు. దిద్దుకోవడానికి పోయేది నా కూలి. పిల్లల కాళ్లు చూశావా ఇవాళ? మగాళ్లిద్దరూ చెయ్యి కలుపుకున్నప్పుడు నన్నెవరైనా అడిగారా?"

అది అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదని రాసి ఉంచుతున్నాను. సాయంత్రం పొయ్యి ఆరాక అదే లేచి, అటక మీది టోపీలు ఒక్కొక్కటే దించి గోనెలో సర్దడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావే అంటే, "వాడు దేన్ని వెనక్కి ఇస్తున్నాడో వాడికి కనబడాలి. నేనూ వస్తాను. కెజయా గారి పక్కన ఆయన కూర్చోవద్దని నేనెలా అంటాను? కానీ ఇంట్లో కూర్చుని మాత్రం పోగొట్టుకోను" అంది.

ఇక నా సంగతి. ఈ తప్పు పూర్తిగా నీదేనని నేను చెప్పలేను. సగం తెలిసిన సంగతి మీద పూర్తి తీర్పు రాసింది నేను. అన్నం దగ్గర చోటు లేదని బెదిరించి, ఆ కాగితం నీ బల్ల మీదకు పంపింది నేను. అయితే నా మాట బరువుగా ఉందని నువ్వు ఇచ్చిన మాట తేలికైపోదు. ఇద్దరం చెరో వైపు మోయవలసిందే. ఎర్ర సిరా ఓటు కొట్టేశాను.

నీ సోమవారం ఉత్తరం ఇప్పుడే అందింది. కమిటీ అంటావు, వాషింగ్టన్ అంటావు. ఇది చేశాక డన్‌మోర్ నీ భుజం తట్టడు. నీ పక్షం నిన్ను మళ్లీ నిలబెట్టదు. వచ్చే మార్చి ఊరి సభలో నీకు పందుల పెద్ద పదవి మళ్లీ ఇస్తే ఇస్తారు. అందులో నువ్వు బాగా రాణించావు.

ఈ ఉత్తరం మధ్యాహ్నం తపాలా బండిలో వెళ్తుంది, శుక్రవారం ఉదయానికి నీకు చేరుతుంది. కింద రాసినవి ఇదే వరసలో జరగాలి.

1. శుక్రవారమే డన్‌మోర్ దగ్గరకు వెళ్లి కమిటీ వద్దని చెప్పు. ఎందుకో కూడా చెప్పు. మెట్ల మీద కాదు, నలుగురూ ఉన్న గదిలో.

2. ఆ సాయంత్రం లీవిట్ దగ్గరకు వెళ్లు. మర్నాడు నువ్వు ఏం చేయబోతున్నావో ముందు చెప్పు. తర్వాతే అతని కూతురి గురించి అడుగు. బతిమాలకు. దొంగిలించిన ఓటు వెనక్కి ఇచ్చేవాడికి ఇంకో ఓటు అడిగే అర్హత ఉంటుందో లేదో అతనే తేల్చుకుంటాడు.

3. శనివారం సభ మొదలవగానే లేచి నిలబడు. జత తప్పానని చెప్పి, బిల్లును మళ్లీ ఓటుకు పెట్టమని అడుగు. నా ఉత్తరం ప్రస్తావన తేవద్దు. అది నువ్వు మోయవలసిన సగం కాదు.

4. మాట్లాడే సమయం ఇస్తే ప్లమర్ దుకాణం సంగతి చెప్పు. పిల్లల కాళ్లకు చుట్టిన గుడ్డల సంగతి చెప్పు. గొంతు వణికితే వణకనీ.

5. మేము రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాం. ఆడవాళ్లు కూర్చునే పై వరండాలో ముందు వరసలో నీ అక్క గోనెసంచితో ఉంటుంది. ఒకసారి తలెత్తి దాని మొహం చూడు. చూడకుండా ఆ ఓటు వెనక్కి ఇవ్వడానికి నీకు వీల్లేదు.

6. బిల్లు నిలిస్తే టోపీలు మోసుకుని ఇంటికి వస్తాం. పడిపోతే అవే టోపీలు మోసుకుని వస్తాం. దొర్కసూ పిల్లలూ ఆ రోజు నుంచి నా ఇంట్లో ఉంటారు. ఓరిన్ వస్తే తలుపు తీసేది నేను. వచ్చే ఏడు మళ్లీ సంతకాలు పోగుచేస్తాం, ఈసారి నువ్వు కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతావు. మొదటి గుమ్మం సరస్సు అవతల.

7. వాడ్లీ అని పిలుస్తారు. గుమస్తా రెండోసారి కూడా పిలవవచ్చు. కూర్చునే ఉండు, పలకకు. నీ నోరు పలకకపోతే నా బల్ల దగ్గర చోటు లేదని రాశాను. ఇప్పుడు ఆ చోటు పలకనివాడికే. అంత దూరం నేను వస్తున్నది ఆ మౌనం వినడానికే.

మీ నాయనమ్మ,
మెహిటబెల్ వాడ్లీ